నేను నున్నగా గీకిన సంగటి కట్టె

నా భార్య మిద్దె మెట్ల మీద జారి కుడిచేయి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా సంగటి గెలకాలంటే ఆమెకు భయం. ఉడుకుతున్న రాగిపిండిని అడుగు నుంచి తిప్పాలంటే మణికట్టులో సత్తువ ఉండాలి. "ఇంగ నా చేత సంగటి కాదేమో" అని ఒకరోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఓదార్చి ఊరుకునే మొగుణ్ణయితే బాగుండేది. నేను వడ్రంగినయ్యాను. వాకిలి తలుపు చేయించినప్పుడు మిగిలిన టేకు ముక్కతో తేలికైన సంగటి కట్టె చేసిస్తానని మాటిచ్చాను. చెక్కడం ఎలాగో అయింది గానీ నునుపు రాలేదు. మా కడపలో ఏ వడ్రంగినడిగినా పగిలిన అద్దం పెంకుతో గీకెయ్యమంటాడు. నాకా, ఫోన్లో వీడియోలు చూసిన గర్వం! పాత రంపం రేకును అరచేయంత కోసి, అంచును ఆకురాయితో సమం చేసి, సానరాయి మీద రుద్ది, చివరికి స్క్రూడ్రైవర్ కడ్డీతో గట్టిగా ఒత్తాలట. అప్పుడు అంచు వెంబడి కంటికి కనపడనంత సన్నటి కొక్కెం లేస్తుంది. చెక్కను గీకేది ఆ కొక్కెమే.

నా రేకుకు కొక్కెం లేవలేదు, వేళ్లకు బొబ్బలు లేచాయి. పొరలు పొరలుగా పొట్టు లేవాల్సిన చోట ముక్కుపొడుంలా దుమ్ము రాలింది.

"ఏం జేస్తాండావు? ఇనుమును అరగదీసి సంగట్లో కలుపుతావా యాడన్నా?" అని ఆమె ఎగతాళి చేసింది. నాకు రోషమొచ్చింది.

ఒక ఆదివారం కడ్డీని కాస్త వాల్చి ఒత్తి చూశాను. రేకు ఆనించి తోస్తే ఉల్లిపొరలాంటి పొట్టు చుట్టలు చుట్టుకుంటూ లేచింది! ఇక నన్ను ఆపేదెవరు? కట్టె నునుపైంది, అయినా గీకాను. మెరిసింది, ఇంకా గీకాను. పొట్టు చూసుకుని మురిసిపోవడమే తప్ప, కట్టె ములక్కాడ మందానికి దిగిందని గమనిస్తే గదా!

ఆమె దాన్ని తడిమి, "శానా నున్నగా ఉండాది" అని మెచ్చుకుంది. ఆ మధ్యాహ్నమే ఎసరు పెట్టి పిండి పోసింది. నేను తపేలాను గుడ్డతో అదిమి పట్టుకున్నాను. ఆమె పళ్లు బిగించి ఒక్క తిప్పు తిప్పిందో లేదో, కట్టె ఫట్‌మని విరిగింది.

నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె కట్టె వైపు చూడనే లేదు. మణికట్టును అటూ ఇటూ తిప్పి చూసుకుని, "యో! టేకు కట్టె విరిగిపాయె! నా చేతికి మళ్లా సత్తువొచ్చినాది!" అంటూ రాయచోటిలో ఉన్న చెల్లెలికి ఫోన్ చేయడానికి పరుగెత్తింది.

ఆమె తిరిగొచ్చి మందం చూసేలోగా, సంగట్లో ఇరుక్కున్న ముక్కను కూడా పెరికి, రెంటినీ చెత్తబుట్ట అడుగున దాచేశాను.