మనిషిన్నర తుపాకీ

మా తమ్ముడు వెర్లిన్‌కి పిచ్చి ఉందని అమెరికాలోని అయోవాలో మా ఊరంతటికీ తెలుసు. ఏ పిచ్చో చూడాలంటే షెడ్డు తలుపు తియ్యాలి. గోడ పొడుగునా తుపాకులు, ఒక్కోటీ మనిషిన్నర పొడుగు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైన్యంలో కొత్తగా చేరిన కుర్రాళ్లకు పాఠం చెప్పడానికి చేయించిన నమూనాలవి. ఆఖరి బెంచీవాడికి కూడా కనబడాలని అంత పెద్దవి. లోపలి భాగాలకు ఎరుపు, పసుపు రంగులు. గుండు పెట్టే గదిని మూసే బోల్టు కదులుతుంది, ట్రిగ్గరు టక్కుమంటుంది, అంతే. చీమను కూడా చంపలేవు.

"ఇవి నీకెందుకురా?" అంటే, "వీటి ముందు కూర్చుని నేర్చుకున్నవాళ్లలో చాలామంది తిరిగి రాలేదక్కా," అంటాడు. మా ఆయన పోయాక నేను ఉంటున్నది వాడి దగ్గరే. వాడు తప్ప నాకెవరున్నారు?

రైఫిల్ క్లబ్బులో అందరికీ జాగ్రత్తలు నేర్పి తల నెరిసినవాడు. వాడి సూత్రం ఒక్కటే: తుపాకీలో గుండు ఉందా అని అడిగితే నోటితో చెప్పకూడదు, బోల్టు తెరిచి చూపించాలి. వాడి మనవరాలు ఆడుకునే బిరడా తుపాకీకైనా అదే చట్టం. తెరిచి చూపించాకే ఆ పిల్లకు కేకు.

మొన్న అక్టోబరులో పక్క కౌంటీలో ఒకావిడ కొట్టం ఖాళీ చేస్తూ ఆ యుద్ధంలో మన సైనికులు మోసిన గరాండ్ రైఫిల్ నమూనా అమ్మింది. ట్రక్కు వెనక పడుకోబెట్టి, పాత బొంత కప్పి, బయటికి పొడుచుకొచ్చిన గొట్టం కొసకు ఎర్రగుడ్డ కట్టి బయల్దేరాం. సోయా కోతల దుమ్ము, ఒకటే గాలి.

"బొంత ఎగిరిపోతుందేమో చూసుకోరా," అని పోరాను.

"ఊరుకో అక్కా, తాడు కట్టింది నేను!"

అంత గొప్ప తాడూ పెట్రోలు బంకు చేరేసరికి ఊడింది. బొంత సగం వేలాడుతోంది. వాడు తాపీగా పెట్రోలు నింపుతున్నాడు. లోపల కాఫీ తాగేవాళ్లు అద్దానికి ముఖాలు ఆనించి మా ట్రక్కునే చూస్తున్నారు. కౌంటరు దగ్గరి పిల్ల ఫోను చెవికి పెట్టుకుంది.

"ఒరేయ్, చాలు, పోదాం పద."

"ట్యాంకు నిండనీ అక్కా."

నిండకముందే షెరిఫ్ ఆఫీసు పోలీసు కారు వచ్చి ఆగింది. దిగినవాడికి పట్టుమని పాతికేళ్లుండవు. చెయ్యి నడుము దగ్గరి పిస్తోలు మీదే ఉంది.

"సార్, వెనక ఉన్నదేంటి?"

"గరాండ్, బాబూ!" అన్నాడు మావాడు మురిసిపోతూ. ఓరి మూర్ఖుడా, బొమ్మ అని చెప్పి చావరాదూ!

"అందులో గుళ్లున్నాయా?"

ఆ ప్రశ్నకు మా తమ్ముడు నోటితో జవాబు చెప్పడు. చెప్పలేదు కూడా. వెనక్కి తిరిగి ట్రక్కులోకి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి! చేతులు పైకి!" పిస్తోలు బయటికొచ్చింది.

"చూపిస్తున్నా బాబూ, ఖాళీయే," అంటూ బోల్టు పిడి పట్టుకుని లాగాడు. ఆ ఇనుము ఫెడేల్మంది.

నేను ట్రక్కు తలుపు తోసుకుని దిగాను. "కాల్చొద్దు! బొమ్మ! పాఠాలు చెప్పే బొమ్మ! నీ కడుపు చల్లగుండ, కాల్చకు నాయనా!"

ఆ కుర్రవాడి చూపు బోల్టు వెనకాల ఎరుపు, పసుపు రంగుల మీద పడింది. పిస్తోలు దించడానికి ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. "క్షమించండమ్మా," అని కారుకు జారగిలబడ్డాడు.

మావాడు ఇంకా పిడి వదల్లేదు. "ఖాళీ అని చూపిద్దామనుకున్నానక్కా."

"నీది ఖాళీయేరా! వాడిది కాదుగా!" అని చెడామడా తిట్టాను. తిడుతూనే ఏడ్చాను.

ఇంటికి నేనే నడిపాను. మావాడు పక్క సీట్లో కూర్చున్నాడు. రెండు చేతులూ ఎదురుగా డ్యాష్‌బోర్డు మీద, వేళ్లు చాపి, బయటివాళ్లకు కనబడేలా పెట్టుకున్నాడు. మా వాకిట్లో ఇంజను ఆపాక కూడా తియ్యలేదు.

"ఇల్లొచ్చిందిరా," అన్నాను.

"తెలుసక్కా," అన్నాడు.

నేను దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వాడి వైపు తలుపు తీసేదాకా ఆ చేతులు అక్కడే ఉన్నాయి.