ఒడిబియ్యం కోసం బండికి సైడు బ్యాగులు: కోస్గి నుంచి అచ్చంపేట దాకా

అచ్చంపేట దగ్గరి పల్లెలో ఉండే మా ఆడబిడ్డ సుజాత కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి పిలుస్తూ ఫోన్ చేసి, అన్నీ చెప్పి, చివర్లో గొంతు తగ్గించింది. "అమ్మ లేకపాయె గద వదినా. ఒడిబియ్యం పోసేటోళ్లెవరు? మీరు ఊకె ఒచ్చిపోండ్రి, సాలు." మా అత్తమ్మ పోయి ఏడాదిన్నర అయింది. ఆడపిల్ల కొత్త ఇంట్లో పాలు పొంగించేటప్పుడు పుట్టింటివాళ్లు చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె కొంగులో పోయడం మా వైపు ఆనవాయితీ. పోసేవాళ్లు లేకపోతే పుట్టిల్లు మూతబడ్డట్టే అనుకుంటారు. "నేను లేనా సుజాతా? నేనొస్త, నేనే పోస్త" అన్నాను.

మేముండేది కోస్గిలో. అక్కడికి నూట నలభై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ముహూర్తం శుక్రవారం పొద్దున పదీ నలభైకి. బస్సులో పోతే రెండు చోట్ల మారాలి, ఆఖరి ఆరు కిలోమీటర్లకు ఆటో దొరికితే దొరికినట్టు. కారు కిరాయి నాలుగు వేలన్నారు. ఇక మిగిలింది మా ఆయన బండి. కిందటేడు ఇదే దారిలో ఏ ఆసరా లేకుండా సీటుకు వేలాడదీసిన సంచి సైలెన్సర్‌కు తగిలి కరిగిపోయింది, లోపలి చీర అంచు మాడింది. మిగతా సామాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నందుకు పది రోజులు నడుము పట్టేసింది. అందుకే ఈసారి గురువారమే మహబూబ్‌నగర్ చేరి, బండికి మంచి సైడు బ్యాగులు, అవి చక్రం మీదికి ఒరగకుండా ఆపే ఇనుప బ్రాకెట్లు బిగించుకుని, ఆ రాత్రి చుట్టాలింట్లో ఉండి తెల్లారి బయల్దేరాలని నిర్ణయించుకున్నాను.

గురువారం పదకొండు గంటలకు మహబూబ్‌నగర్‌లో మెకానిక్ నర్సింలు దుకాణం ముందు దిగాము. జత గుడ్డ బ్యాగులు పదహారు వందలు, బ్రాకెట్లు ఏడు వందలు, బిగింపు మూడు వందలు. బండిని నడిమి స్టాండు మీద నిలబెట్టి అరగంటలో బిగించేశాడు. బ్రాకెట్ పట్టుకుని ఊపి చూపించాడు. "సూడక్కా, బండి ఊగుతది గానీ ఇది ఊగదు."

నేను ఇంటి నుంచి తెచ్చిన ఐదు సేర్ల బియ్యం మూట బయటికి తీశాను. "నింపి చూద్దాం" అన్నాను. మా ఆయన చటుక్కున మూట మీద చెయ్యి పెట్టాడు.

"ఒడిబియ్యం కాళ్ల కాడ పెడ్తవా? మా అమ్మ ఉంటే ఒప్పుకునేదా?"

నిజమే, బ్యాగులు వేలాడేది సరిగ్గా పాదాల ఎత్తులోనే. కిందటేడు సామానంతా నా ఒళ్లోకి రావడానికి సగం కారణం ఈ పట్టింపే. కానీ ఈ సంగతి నేను ముందే ఆలోచించి పెట్టుకున్నాను. "పసుపు కలిపినంకనే అది ఒడిబియ్యం. అప్పటిదాక దుకాణంల బియ్యమే. పసుపు ఆడ వొయ్యి కలుపుత" అన్నాను. ఆయన నర్సింలు వైపు చూశాడు. "నన్నెందుకు సూస్తవన్నా? అక్క అన్నదాంట్ల తప్పేమున్నది?" అన్నాడు నర్సింలు.

బియ్యాన్ని రెండు సమాన మూటలు చేసి చెరో వైపు పెట్టాము. మా ఆయన బండెక్కాడు. నేను ఎప్పటిలాగే వెనక ఒకవైపుకు కూర్చోబోయాను. కాళ్లు పెట్టుకునే రేకు మీద బ్యాగు కూర్చుని ఉంది! ఎలాగో ఎక్కి కూర్చుంటే బండి వెనక భాగం కిందికి దిగి, కుడి బ్యాగు అడుగు సైలెన్సర్ మీద ఆనింది.

నర్సింలు తల గోక్కున్నాడు. "బ్యాగులు పెట్టిచ్చేటోళ్లంత ఒక్కలే పోయేటోళ్లక్కా. వెనక ఆడోళ్లు కూసుంటరని నాకు సోయి లేకపాయె. ఒక పని జేద్దాం, సారీగార్డు ఊడదీద్దాం, జాగా అయితది."

"గార్డు తీసేది లేదు. చున్నీ చక్రంల పడ్తే నువ్వొస్తవా తియ్య?"

"చున్నీ యాడిది? నువ్వు చీర కట్టుకున్నవు గద!" అన్నాడు మా ఆయన.

"రేపు కట్టుకోను" అన్నాను. ఎదురు సందులో రెడీమేడ్ దుకాణం ఉంది. నాలుగు వందల యాభైకి పంజాబీ డ్రెస్ కొని, అక్కడే మార్చుకుని వచ్చి, చెరో వైపు కాలు వేసి కూర్చున్నాను. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో అలా కూర్చోవడం అదే మొదలు. "జర గట్టిగ పట్టుకో, ఉరుకుతది బండి" అని ఆయన నవ్వాడు. నర్సింలు కాళ్ల రేకు ఒక్కటే తీసి, గార్డుకు బయటగా ఇనుప గొట్టం ముక్కలు అడ్డం పెట్టి ఎడమ బ్రాకెట్ బిగించాడు. కుడి బ్రాకెట్‌ను నాలుగు వేళ్ల ఎత్తుకు లేపి, సైలెన్సర్‌కూ బ్యాగుకూ నడుమ రేకు కట్టాడు. మేమిద్దరం కూర్చునే ఉన్నాం, బియ్యం బ్యాగుల్లోనే ఉంది. లేచేసరికి రెండున్నర. అదనంగా అడిగింది నూట యాభై. ఆ బ్రాకెట్ బోల్టులకు సరిపోయే పానా ఒకటి కూడా కొనుక్కున్నాను.

శుక్రవారం ఆరున్నరకు బయల్దేరి నాగర్‌కర్నూల్ దారి పట్టాము. బిజినేపల్లిలో టీకి ఆగినప్పుడు కుడి బ్యాగు అడుగున చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చగా ఉంది, అంతే. ఎడమ బోల్టు మాత్రం అర చుట్టు వదులైంది. కూర్చుని బిగిస్తుంటే హోటలామె టీ గ్లాసు చేతికిస్తూ మా ఆయనను చూసి అంది, "ఆమె పానా పట్టె, నువ్వు బిస్కెట్ పట్టినవ్. మంచిగున్నది సంసారం!" ఆయన ఇంకో బిస్కెట్ ముంచుకున్నాడు. నాగర్‌కర్నూల్ దాటాక స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ. ప్రతి దాని దగ్గరా నా నడుము సంగతి కన్నా ముందు నా చెయ్యి బ్యాగు మీదికి పోయింది. అచ్చంపేటలో పూలు, అరటిపళ్లు కొని, పదింటికి సుజాత వాకిట్లో దిగాము.

వాళ్ల అత్తగారు నన్ను కింది నుంచి పై దాకా చూసింది. "ఏం బిడ్డా, కాలేజీ పోరి లెక్క తయారైనవు?"

"చీర సంచిల ఉన్నదత్తమ్మా. జర ఒక అర్ర చూపియ్యుండ్రి."

చీర కట్టుకుని, సుజాత వాళ్ల ఇత్తడి తాంబాలంలో రెండు మూటలూ ఒక్కటిగా పోసి, పసుపు, కుంకుమ కలిపాను. సుజాత పక్కనే నిలబడి చూస్తోంది. "గింత దూరం బండి మీద తెచ్చినవా వదినా? నేను ఆశ ఇడిసిపెట్టిన" అంది. పాలు పొంగాయి. సుజాతకు చీర పెట్టాను. ఆమె కొంగు పట్టింది. నేను ఐదుసార్లు దోసిళ్లతో పోసి, మిగతాది తాంబాలం వంచి పోశాను. బరువుకు ఆమె చేతులు కిందికి దిగాయి. మా ఆయన ముందుకొచ్చి చెల్లెలి కొంగు కింద తన చేతులు పెట్టాడు.

తిరుగు ప్రయాణంలో ఆ ఖాళీ బ్యాగులు చూస్తుంటే అనిపించింది, మా అత్తమ్మ ఇలాంటి బియ్యం మూటే బస్సులో ఒళ్లో పెట్టుకుని ఎన్నిసార్లు ఈ దారిన వచ్చిందో అని. ఆమె నడుము నొప్పి గురించి ఒక్కసారి కూడా మాతో అనలేదు. పద్ధతి నిలబెట్టడానికి ఒళ్లు హూనం చేసుకోవాల్సిన పని లేదనీ, కూర్చునే తీరు ఒకటి మార్చుకుంటే చాలనీ నాకు యాభై ఏళ్లకు తెలిసింది. మీరూ ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే ఒక్కటి గుర్తుంచుకోండి. బ్యాగుల్లో బరువు నింపి, ముందు మనిషితో పాటు వెనక మనిషిని కూడా బండి మీద కూర్చోబెట్టాకే బ్రాకెట్ కొలతలు తీసుకోమనండి.