మామగారు ఎంచిపెట్టిన లాప్‌టాప్

మొన్న ఆదివారం మా తమ్ముడి కూతురు గుంటూరు నుంచి వచ్చి, అన్నం తింటూనే ఫోన్ నా ముందు పెట్టి, ఒకదాని తర్వాత ఒకటిగా పాత లాప్‌టాప్‌ల ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. చదివేది ఇంజనీరింగే గాని దాని ధ్యాసంతా పాటలు కలపడం మీద, సొంతంగా బాణీలు కట్టడం మీద ఉంది. కాలేజీ వేడుకల్లో డీజే తనేనట. కొత్తది కొనే స్తోమత ఇంకా లేదు గనక ఎవరో వాడి అమ్మేసినదొకటి చూసుకుంటోంది. "అత్తా, వీటిలో ఏది తీసుకోమంటావ్? నీకైతే తెలుస్తుంది," అంది. నాకు తెలిసిందల్లా మా మామగారు నేర్పిందే, ఆయన నేర్పింది చెప్పాలంటే ముందు ఆయన గురించి చెప్పాలి.

పదిహేనేళ్ల పైమాట. అప్పుడు మేము మార్టూరులో ఉండేవాళ్లం. మా ఆయన రాళ్లు పాలిష్ పట్టే యూనిట్‌లో పనిచేస్తూ, పెళ్లిళ్ల రోజుల్లో డీజే పెట్టేవారు. రెండు పెద్ద బాక్సులు, ఒక ఆంప్లిఫయర్, పాటలు కలపడానికి ఒక కంట్రోలర్, ఒక ముసలి లాప్‌టాప్, ఇవన్నీ ఒక్కొక్కటిగా సమకూర్చుకున్నవే. ఇంట్లో ఆయన పాటలు సర్దుకుంటుంటే పక్కన కూర్చుని చూసి చూసి, ఏ పాట వెనక ఏది రావాలో, మొదటిది అయిపోకముందే రెండోదాన్ని తాళం తప్పకుండా ఎలా అందుకోవాలో నేనూ నేర్చుకున్నాను. అదంతా నాలుగ్గోడల మధ్య సరదా. నలుగురిలో నిలబడి వాయించాలన్న ఆలోచన కలలో కూడా లేదు.

మా మామగారు చర్చిలో ఉపదేశిగా పనిచేసి రిటైరైన మనిషి. పర్చూరు చుట్టుపక్కల పల్లెల్లో, పత్తి చేలకూ మిరప చేలకూ పోయే కూలీల ఇళ్ల దగ్గర ప్రార్థన కూటాలు పెట్టి, భుజాన మోసుకెళ్లిన హార్మోనియం మీద ఆయన పాటలు నేర్పని వీధి లేదంటే నమ్మండి. నేను కాపురానికొచ్చేసరికే చూపు మందగించింది, ఆ తర్వాత రెండు మూడేళ్లలో పూర్తిగా పోయింది. డీజే అంటే ఆయనకు గిట్టేది కాదు. ఒక్క మాట అనేవారు కాదు గాని, ఇంటి ముందు బాక్సులు మోగించి చూసుకోవడం మొదలవగానే చేతికర్ర తడుముకుని, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లి చర్చి వరండాలో కూర్చునేవారు. అది చూసి మా ఆయన తల దించుకునేవారు, అయినా బాక్సులు ఆగేవి కావు. తండ్రీకొడుకుల మధ్య ఆ మౌనం అలాగే నడుస్తూ వచ్చింది.

కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో, యూనిట్‌లో రాతిపలక జారి మా ఆయన కుడిచేతి మీద పడింది. మూడు వేళ్లు నలిగిపోయాయి. గుంటూరు ఆసుపత్రి నుంచి చేతికి కట్టుతో ఇంటికొచ్చేనాటికి, ప్రత్తిపాడులో ఒప్పుకున్న పెళ్లి నెత్తి మీదికొచ్చింది. ఇంకొకరికి అప్పజెప్పేద్దామని ఆయన అంటే, నేనే వాయిస్తానన్నాను. ఆ ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆయన, "నీకొచ్చుగా. పద, నేను పక్కనుంటా," అన్నారు.

ఊరేగింపు సగం దూరం బాగానే సాగింది. బజారు మలుపు దగ్గర లాప్‌టాప్ వేడెక్కి, తెర నల్లబడి, పాట సగంలో తెగిపోయింది. ఎంత నొక్కినా లేవలేదు. అంతసేపు అంత మోత విన్న చెవులకు ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. వెనకనుంచి ఎవరో, "ఆడమనిషి చేతికిస్తే ఇంతేరా," అన్నారు. నలుగురు నవ్వారు. నేను అక్కడ ఏడవలేదు. ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను.

రెండు వారాల్లో పర్చూరులో ఇంకో పెళ్లి ఉంది. అదీ ఇలాగే అయితే మమ్మల్ని ఇక పిలిచేవాళ్లుండరు. ఆ చేత్తో మా ఆయన మళ్లీ యూనిట్‌కు వెళ్లేదీ లేదు. ఇల్లు ఎలా గడవాలా అని ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్న పొద్దున, మామగారు గోడ పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు.

"అమ్మాయ్, కొత్తది కొనలేం గదా. పాతదే మంచిది చూసుకుందాం. నేనూ వస్తా పద."

చూపు లేని మనిషి వచ్చి ఏం ఎంచుతారా అనుకున్నాను. కంట్రోలర్ సంచిలో పెట్టుకుని, ఆయన చెయ్యి పట్టుకుని గుంటూరు బస్సెక్కించాను.

పాత లాప్‌టాప్‌లు అమ్మే షాపులన్నీ ఒక సందులో ఉండేవి. మేం ఎక్కింది మెట్ల పైన ఒక ఇరుకు గది. షాపాయన మమ్మల్ని చూడగానే వెండిరంగులో మెరిసిపోతున్న పల్చటిదొకటి బల్ల మీద పెట్టాడు. నా మనసు దాని మీదే పడింది. మామగారు మాత్రం దాన్ని ఆన్ చేసి ఏదైనా పాట పెట్టమని, అరచెయ్యి దాని అడుగున ఆనించి, తల వంచి మీటల మీద చెవి పెట్టారు.

"పెద్దాయనా, అది రేడియో కాదండీ," అని షాపాయన నవ్వాడు.

మామగారు ఏమీ అనుకోలేదు. కాసేపు అలాగే విని, "లోపల ఏదో గోకుతున్నట్టుందమ్మాయ్, వద్దు," అన్నారు. నేనూ చెవి పెట్టి విన్నాను. నిజమే, పాటలు దాచుకునే డిస్క్ తిరుగుతూ తిరుగుతూ టిక్కుమని తట్టుకుంటోంది. షాపాయన రెండోది తీశాడు. మామగారు దానికి హెడ్‌ఫోన్ తగిలించి, వైరు కదపమని నాతో చెప్పి, గరగర వినిపించగానే దాన్నీ పక్కన పెట్టించారు. ఇంకోదానికి కంట్రోలర్ వైరు గుచ్చితే వదులుగా ఊగింది. ఊరేగింపు బండి గతుకుల్లో పడ్డప్పుడు అది ఊడి వస్తే మా కోడలి గతేమిటని అడిగారు ఆయన. అప్పటికి నాకర్థమైంది, ప్రత్తిపాడులో జరిగిందంతా నేను చెప్పింది చెప్పినట్టు ఆయన మనసులో పెట్టుకుని వచ్చారని.

చివరికి దొరికింది షాపాయన చూపించింది కాదు. బల్ల చివర తడుముతుంటే మామగారి చేతికే తగిలింది. ఏదో ఆఫీసువాళ్లు వాడి వదిలేసిన నల్లటి, లావుపాటి బండది. పైన గీతలు, మీటల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఆయన ఒక్కొక్క మీటా నొక్కి చూసి, "అరిగినయ్యి గానీ ఒక్కటీ తడబడట్లా. దీని మీద ఎవరో శ్రద్ధగా పనిచేశారమ్మా," అన్నారు. కంట్రోలర్ తగిలించి రెండు పాటలు ఒకేసారి కలిపి నడిపించాను. కరెంటు వైరు తీసేసి బాటరీ మీద ఎంతసేపు నిలుస్తుందో చూశాం. మెమరీ చాలదంటే షాపాయన ఇంకొంచెం వేశాడు. ఇక తీసుకుందామని నేను లేస్తే మామగారు లేవలేదు. మధ్యాహ్నం దాకా ఇది ఇలాగే పాడాలి, మేం ఇక్కడే కూర్చుంటామన్నారు. షాపాయన మొదట విసుక్కున్నాడు, తర్వాత ఏమనుకున్నాడో, తానే టీ తెప్పించాడు. అలా రెండు గంటలు, తనకు గిట్టని ఆ మోతంతా వింటూ, లాప్‌టాప్ అడుగున అరచెయ్యి పెట్టుకుని, కదలకుండా కూర్చున్నారు ఆయన. ఆఖరున, "వెచ్చబడింది గాని కాలట్లా. తీసుకో," అన్నారు. తిరుగు బస్సులో దాన్ని నా చేతికివ్వలేదు, ఒళ్లోనే పెట్టుకున్నారు.

పర్చూరు పెళ్లి పొగాకు రైతుల ఇంట్లో. చర్చిలో పెళ్లయ్యాక ఎండ వేళ ఊరేగింపు. ట్రాక్టర్ ట్రక్కులో బాక్సుల వెనక నేను వైర్లు తగిలించుకుంటుంటే, ఉతికిన తెల్ల పంచె కట్టుకుని, చంకలో గొడుగుతో మామగారు వచ్చి, ఎక్కించమని మా ఆయనకు చెయ్యి అందించారు. ఆయన రెండో చేత్తో, కట్టులేని చేత్తో, తండ్రిని పైకి లాక్కున్నారు. ఎండలో మీరెందుకు మావయ్యా అని నేను గాబరా పడితే, "నాక్కాదమ్మా, దానికి తగలకూడదు ఎండ," అని గొడుగు విప్పి లాప్‌టాప్ మీద పట్టారు.

ఆ ఊళ్లో ఆయన దగ్గర పాటలు నేర్చుకున్న వాళ్లే సగం మంది. చూసి నోళ్లు తెరిచారు. ఒక పెద్దాయన ట్రక్కు పక్కనే నడుస్తూ, "ఉపదేశిగారేంటి, డీజే బండెక్కారు," అని అడిగాడు.

"మా కోడలు వాయిస్తోంది," అన్నారు మామగారు.

సగం దారిలో జనరేటర్ ఆగి బాక్సులు మూగబోయాయి. కాని లాప్‌టాప్ తెర వెలుగుతూనే ఉంది, లోపల పాట నడుస్తూనే ఉంది. మా ఆయన దిగి జనరేటర్ సరిచెయ్యగానే పాట ఒక్కసారిగా అందుకుంది, పిల్లలు మళ్లీ ఎగరడం మొదలుపెట్టారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం కంటే పెద్ద మెప్పు నేను ఆ తర్వాత కూడా ఎక్కడా పొందలేదు.

ముసురు పట్టి పెళ్లిళ్లు లేని రోజుల్లో, మామగారు ఒక పొద్దున మొహమాటంగా, తన పాటలు కూడా ఆ పెట్టెలో ఎక్కుతాయా అని అడిగారు. ప్రార్థన కూటాల కోసం ఆయన కట్టిన పాటలు ఒక నోట్‌బుక్ నిండా ఉండేవి. ఇక చదువుకోలేరు, మరుపూ మొదలైంది. మా ఆయనా నేనూ మైకు తగిలించి, ఫాన్ ఆపేసి, కోళ్లను దొడ్లోకి తోలి, రోజుకొక పాట చొప్పున ఎక్కించాం. నేను నోట్‌బుక్ చూసి చరణం అందించేదాన్ని, ఆయన హార్మోనియం మీద పాడేవారు, మా ఆయన ఎడమచేత్తో దరువు వేసేవారు. తండ్రీకొడుకులు ఒకరి తాళానికి ఒకరు ఆగుతూ, ఒకరినొకరు అందుకుంటూ ఉంటే, నాకు తెరమీద గీతలు మసకబారేవి. పాటల మధ్య ఆయన ఆయాసం వినబడుతోందని నేను కత్తిరించబోతే మాత్రం ఒప్పుకోలేదు. "పాడేవాడికి ఊపిరుంటుందమ్మా, ఉండనీ," అన్నారు. నోట్‌బుక్ ఇంకా కొంత మిగిలుండగానే, మరుసటి ఏడు ఎండాకాలంలో ఆయన పోయారు.

ఇదంతా మా మేనకోడలికి పూర్తిగా చెప్పలేదు గాని, చూడాల్సినవి మాత్రం చెప్పాను. డిస్క్ చప్పుడు చెవి పెట్టి వినడం, వేడి, వైర్ల కన్నాలు, బాటరీ, రెండు పాటలు కలిపి గంటసేపు ఆగకుండా నడవడం. అది నవ్వి, ఇప్పటివాటిలో తిరిగే డిస్కులే ఉండవు, చెవి పెట్టినా ఏమీ వినపడదత్తా అంది. నిజమే. ఇప్పుడు మా వైపు పెళ్లిళ్లలో ఆడపిల్ల డీజే దగ్గర నిలబడితే ఆగి చూసేవాళ్లు కూడా లేరు, అది చూసి నాకు ఎంత సంతోషమో చెప్పలేను. మారాల్సినవి చాలా మారాయి. పోనీ షాపుకు నేనూ వస్తాను, కలిసి చూద్దామన్నాను. ఎండలో నీకెందుకు శ్రమత్తా, ఆన్‌లైన్‌లో పెడితే ఇంటికే వస్తుంది, బాగోకపోతే వెనక్కి పంపేయొచ్చు అని, చెయ్యి కడుక్కుని అక్కడికక్కడే ఒకటి ఎంచేసుకుంది. ఎంచుకున్నది మంచిదే, నేను చూసినా అదే తీసుకోమనేదాన్ని. గుంటూరు బస్సులో ఒక పూట ఆ పిల్ల పక్కన కూర్చుని వెళ్లే వంక మాత్రం నాకు లేకుండా పోయింది.