పుస్తకాలకు వయసు కట్టిన కమిటీ

మా అమ్మాయి బడి వార్షిక నివేదికలో ఒక వాక్యం అచ్చయింది: "అనుభవజ్ఞులైన తల్లిదండ్రుల కమిటీ పుస్తకాలను, వీడియోలను క్షుణ్ణంగా పరిశీలించి వయసుల వారీగా విభజించింది." ఆ కమిటీలో నేనున్నాను. "క్షుణ్ణంగా" అన్న మాట అచ్చులోకి ఎక్కేసింది కాబట్టి అసలు జరిగింది కూడా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. లేకపోతే రేపు ఇంకో బడివాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకుంటారు.

నేను అబిడ్స్‌లో ఒక కళ్లజోళ్ల షాపులో కౌంటరు దగ్గర పనిచేస్తాను. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. తర్వాత చదివిందంతా నాంపల్లి లైబ్రరీలో, మధ్యాహ్నం అన్నం తినే గంటలో. అక్కడ ఇది చదువు, అది వద్దు అన్నవాళ్లు లేరు. చేతికందిన అరలోవి చదివాను, అందని అరలోవి స్టూలెక్కి తీసుకుని చదివాను. ఈ సంగతి నేను అందరికీ చెప్పుకుంటాను. బడిలోనూ చెప్పుకున్నాను. అందుకే, ఎవరో దాత అట్టపెట్టెల నిండా పుస్తకాలు, పెన్‌డ్రైవ్ నిండా వీడియోలు ఇచ్చినప్పుడు, ఏ వయసుకు ఏది తగునో చెప్పమని నన్ను పిలిచారు.

కమిటీలో నాతో కలిపి ముగ్గురం. గన్‌ఫౌండ్రీలో బట్టల కొట్టున్న ఒక తండ్రి, ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠం చెప్పే ఒక తల్లి, నేను. లైబ్రరీ గది చూసుకునే టీచరు మాకు ఛాయ్ పోసి, మూడు రంగుల చుక్కల స్టిక్కర్లు ఇచ్చింది. ఆకుపచ్చ చిన్నవాళ్లకు, పసుపు నడిమి తరగతులకు, ఎరుపు ఎనిమిదో తరగతి దాటినవాళ్లకు.

"గిన్ని పుస్తకాలు ఎవలు చదువుతరక్కా?" అన్నాడు బట్టల కొట్టాయన. "సన్నగున్నయి చిన్నోళ్లకు, లావుగున్నయి పెద్దోళ్లకు. దుకాణంల మేం గట్లనే సర్దుతం, సైజు లెక్కన."

"మరి వీడియోలు?" అంది టీచరు.

"గవి నిమిషాల లెక్కన."

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. ఆ లెక్కన, క్లుప్తంగా రాసిన ఒక హత్య కథ రెండో తరగతికి పోయింది. ఏనుగులు, ఒంటెలు ఉన్న లావు అట్టల బొమ్మల పుస్తకం తొమ్మిదో తరగతికి చేరింది. కందిరీగ గూడు ఎలా కడుతుందో చూపే గంట వీడియో పెద్దవాళ్లది. జుట్టు రాలకుండా ఏం తాగాలో చెప్పే రెండు నిమిషాల వీడియో ఒకటో తరగతిది. చర్చి తల్లి మాత్రం ప్రతి బొమ్మనూ కళ్ల దగ్గర పెట్టుకుని చూసింది. చేతుల్లేని జాకెట్టు కనబడితే చాలు, ఎరుపు. జీను లేని గుర్రాన్ని కూడా కాసేపు అనుమానంగా చూసింది.

వాళ్లను ఎగతాళి చేసే హక్కు నాకు ఎంతుందో ఇప్పుడు చెప్తాను. ఒక సన్నటి పుస్తకం, అట్ట మీద ఖాళీ మంచం బొమ్మ.

"ఇది మీరు చదివే ఉంటరు గదా మేడం?" అంది చర్చి తల్లి.

చదవలేదు. "చదివిన," అన్నాను. వెనక అట్ట మీది రెండు వాక్యాలు అప్పుడే చూసి, "చావు గురించి. చిన్నపిల్లలకు వద్దు," అన్నాను. ఎర్ర చుక్క నేనే అంటించాను, వేలితో ఒత్తి మరీ.

మూడో రోజు, ఆరో తరగతి చదివే మా అమ్మాయి ఇంటికొచ్చి సంచి విసిరింది.

"మమ్మీ, లైబ్రరీ పీరియడ్‌ల నేను చదివే పుస్తకం గుంజుకున్నరు. మంచం బొమ్మది. ఇంక పది పేజీలే ఉండె."

"ఏమున్నది దాంట్ల?"

"తాత సచ్చిపోతడు. ఊరికి పోయిండని పిలగానికి అబద్ధం చెప్తరు. తర్వాత నిజం చెప్తరా లేదా, గంతే కావాలె నాకు. నువ్వు చదివినవని టీచర్ అన్నది. చెప్పు, చెప్పిన్రా?"

పోయిన వానాకాలంలో మా నాన్న దవాఖానలో చనిపోయాడు. రోజూ దాన్ని బడికి తీసుకెళ్లింది ఆయనే. ఆ రోజుల్లో దాన్ని అఫ్జల్‌గంజ్‌లో మా అక్క ఇంట్లో ఉంచి, తాతకు ఇంకా మందులిస్తున్నారని పదకొండు రోజులు చెప్పాను. అది ఇంటికి తిరిగొచ్చేసరికి తాత ఫొటోకు దండ వేసి ఉంది. దండ చూసి అర్థం చేసుకుంది, చెప్పే పని నాకు తప్పింది అనుకున్నాను.

"చదివిన గని యాదికి లేదు," అన్నాను.

"ఝూట్. ఒక్కసారి చదివితే ఎన్నడు మర్వనని నువ్వే అందరికి చెప్తవ్."

మర్నాడు అన్నం గంటలో బడికి వెళ్లాను. కమిటీ నిర్ణయం కమిటీయే మార్చాలంది టీచరు. మిగిలిన ఇద్దరికీ ఫోన్ చేసి పిలిచింది. నేను ఆ పుస్తకం చదవలేదని ఒప్పుకున్నాను.

బట్టల కొట్టాయన పకపకా నవ్వాడు. "మేం మాత్రం చదివినమా? గిదేం ఫికర్ అక్కా!"

చర్చి తల్లి నవ్వలేదు. "మీరు చదివిన్రని నమ్మి నేను సంతకం పెట్టిన," అంది. ఆ రోజు విన్నవాటిలో నాకు సిగ్గనిపించిన మాట అదొక్కటే.

ఆ గదిలోనే కూర్చుని పుస్తకం చివరిదాకా చదివాను. షాపుకు ఆలస్యమైంది. ఎర్ర చుక్క మీద పసుపు చుక్క అతికించాను. రాత్రిదాకా ఆగకుండా, ఆ సాయంత్రం అమ్మాయి బడి నుంచి రాగానే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"తాత సచ్చిపోయిండు. నీకు అబద్ధం చెప్పిన."

"తెలుసు," అంది. "ఏ దినం? పక్కన ఎవరున్నరు? నన్ను అడిగిండా?"

ఒక్కొక్కటే అడిగింది. ఒక్కొక్కటే చెప్పాను. ఆఖరిదానికి, అడిగాడనే చెప్పాను. అది నిజమే.

ఇందులో సాయపడినవాళ్లందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పాలి. పేర్లు మాత్రం వద్దని వాళ్లే బతిమాలారు. కమిటీ పని ఒక్క మధ్యాహ్నంలో తేల్చిన బట్టల కొట్టాయనకు, నా మాటను నమ్మిన చర్చి తల్లికి, అచ్చయిన నివేదికలో ఒక్క అక్షరం కూడా కదపనన్న టీచరుకు, ఆలస్యానికి జీతం కోయని మా షాపు సేటుకు వందనాలు. మా అమ్మాయికి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మర్నాటి పీరియడ్‌లో మిగిలిన పది పేజీలూ చదివొచ్చి, నాతో ఒకే మాట అంది.

"పుస్తకంలోళ్లు నీకంటె జల్ది చెప్పిన్రు."