కారు కింద టపటప

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువ, నమ్మకం ఎక్కువ. (ఇప్పుడు రెండూ తక్కువే, అది వేరే సంగతి.) కొత్తగా ఉద్యోగం, దాని వెనకే ఒక పాత కారు. బానెట్ ఎత్తి నీళ్లు పోయడం వచ్చినందుకే నారాయణఖేడ్‌లో మా గల్లీ అంతా నన్ను 'ఇంజనీర్' అనేది. అది వెక్కిరింతని తెలియక మురిసిపోయేవాణ్ణి. ఆ కారులోనే అమ్మను, మేనమామను ఎక్కించుకుని కంగ్టి దగ్గరి ఒక ఊరికి పిల్లను చూడబోయాను. ఫోటో చూసిన నాటి నుంచి నాకు ఆ పిల్ల తప్ప వేరే ధ్యాస లేదు. ఈ సంబంధం తప్పిపోతే ఇక నాకు పెళ్లే వద్దనుకున్నాను.

దారిలో కారు కింద టపటప మొదలైంది. వేగం పెంచితే పెరుగుతుంది, ఆపితే ఆగిపోతుంది. దిగి, వంగి, ముందు చక్రాల మధ్య గంభీరంగా చూశాను. (కారుకు వెనక భాగం కూడా ఉంటుందని తోచలేదు.)

"ఏందిరా ఆ సప్పుడు?" అంది అమ్మ.

"కింద బరువు మోసే కమాన్ పట్టీ ఇరిగింది. బరువు ఆగుతలేదు. ఊరు దగ్గరికొచ్చినం గద, ఇగ మీరు దిగి నడువుండ్రి" అన్నాను. (ఆ కారుకు అసలు కమాన్ పట్టీలే లేవని తర్వాత తెలిసింది.)

"పిల్లను సూడవోతున్నమా, పాదయాత్రనా?" అని మామ గొణిగాడు. అమ్మ మాత్రం పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మోకాళ్ల నొప్పులతోనే ఎండలో నడిచింది. నేను వాళ్లకు ముందు కారు మెల్లగా నడిపాను. మెల్లగా పోతుంటే చప్పుడు తగ్గింది. నా మాటే నిజమైందని ఈల కూడా వేశాను.

పిల్ల వాళ్లు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. పెళ్లికొడుకు కారులోంచి దిగాడు, తల్లి చెమటలు కక్కుతూ వెనక నడిచొచ్చింది. పిల్ల తండ్రి ముఖం మాడిపోయింది. నేను కమాన్ పట్టీ సంగతి ఎత్తుకోగానే ఆయన కారు చుట్టూ తిరిగి, వెనక బంపర్ కింద చెయ్యి పెట్టి ఒక నల్ల తాడు లాగాడు. దాని చివర నా పాత చెప్పు.

"దిష్టి తాకొద్దని పొద్దుగాల నేనే కడితి. తాడు వదులైనట్టున్నది" అంది అమ్మ, తప్పంతా తనదే అయినట్టు.

ఆయన చెప్పును చూశాడు, దుమ్ము కొట్టుకున్న అమ్మ పాదాలను చూశాడు. "తల్లిని నడిపిచ్చి, చెప్పును కారుల తెస్తివా బిడ్డా?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఏడుపొక్కటే తక్కువ. మామ వెనక్కి తిరగబోయాడు. అమ్మ కదల్లేదు. "వానికి కారు తెల్వదు, అన్నా. మనసుల ఏం లేదు" అంది. తలుపు వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

సంబంధం కుదిరింది. "నిన్ను జూసి ఇయ్యలే, మీ అమ్మను జూసి ఇచ్చిన" అని పిల్లనిచ్చిన మామ ఇప్పటికీ నలుగురిలో అంటాడు, నేను తల వంచుకుంటాను. కారు కింద ఏ కాస్త చప్పుడైనా మా ఆవిడ వెనక సీటు వైపు తిరిగి, "నువ్వు కూసో అత్తమ్మా, ఈసారి ఆయన నడుస్తడు" అంటుంది. అమ్మ చీరకొంగు నోటికడ్డం పెట్టుకుంటుంది. నేనూ నవ్వుకుంటూ దిగి, ముందుగా వెనక వైపే చూస్తాను.