ఉతకని సాక్సు

మా కోచ్ ఓరిన్ హాల్‌బర్గ్‌కు ఒకే ఒక్క పిచ్చి ఉండేది. గెలిచిన రోజు ఏది ఎలా ఉందో, మళ్లీ ఓడేదాకా అది అలాగే ఉండాలి. అందులో వెంట్రుకవాసి తేడా వచ్చినా ఒప్పుకునేవాడు కాదు. మిగతా విషయాల్లో ఆయనంత నెమ్మదస్థుడు అమెరికాలో మా అయోవా రాష్ట్రం మొత్తం గాలించినా దొరకడు. ఇంటికప్పు ఎగిరిపోయిన రోజున కూడా 'గాలి బాగా వీస్తోంది' అన్నాడే తప్ప గొంతు పెంచలేదు.

మామూలుగా ఈ పిచ్చి వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. ఎందుకంటే మా జట్టు గెలిచేది కాదు. మాది మారో క్రీక్. ఊళ్లో ఒక కాలేజీ, ఒక సినిమా హాలు, లెక్కలేనన్ని పందులు. మా కాలేజీ బేస్‌బాల్ జట్టుతో ఆట అంటే అవతలి కాలేజీల వాళ్లు విహారయాత్రకు వచ్చినట్టు వచ్చేవాళ్లు.

అలాంటిది 1978లో మా దుంప తెగింది. మొదటి ఆటే గెలిచాం.

ఆ రోజు కోచ్ ఎడమ బూటులో రాయి పడింది. బూటు విప్పి పక్కన పెట్టుకుని, హాట్‌డాగ్ తింటూ బెంచీ మీద కూర్చున్నాడు. మా బౌలర్ డ్వేన్ విసిరిన ఆఖరి బంతికి అవతలివాడి బ్యాటు గాలిని కొట్టింది. కోచ్ ఎగిరి గంతేశాడు. హాట్‌డాగ్‌లోని ఆవాల సాస్ కాస్తా జారి, ఆకుపచ్చ సాక్సు మీద పడి, పసుపుపచ్చగా అరచేతి వెడల్పున మరక కట్టింది. ఆయన దాన్ని చాలాసేపు భక్తిగా చూశాడు.

"ఈ సాక్సు ఇక ఉతకను" అన్నాడు.

మర్నాడు బస్సులో విచారణ మొదలైంది.

"లైల్, నిన్న పొద్దున ఏం తిన్నావు?" అని నన్ను అడిగాడు.

"కడుపు నొప్పిగా ఉండి ఏం తినలేదు కోచ్. ఒక టోస్ట్ ముక్క కొరికాను."

"వెన్న రాశావా?"

"లేదు."

"జామ్?"

"అదీ లేదు."

"భేష్. ఇక సీజనంతా నీకు అదే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. ఆ తర్వాత మూడు నెలలపాటు ఆట ఉన్న ప్రతి పొద్దునా మిగతా కుర్రాళ్లందరూ పాన్‌కేకుల మీద తేనెపాకం పోసుకుని, పంది మాంసం వేపుడు నంజుకుని తింటుంటే, నేను వాళ్ల మధ్య కూర్చుని అట్టముక్కలాంటి టోస్ట్ నమిలాను. నా ఉసురు ఎవరికి తగిలిందో గానీ, కోచ్‌కు మాత్రం తగల్లేదు.

డ్వేన్ గతి నాకంటే అన్యాయం. మొదటి ఆటకు ముందురోజు వాడికీ, వాడు ప్రేమించిన కోనీకీ గొడవైంది. గెలిచిన హుషారులో వాడు నోరు జారాడు.

"కోచ్, ఇవాళ సాయంత్రం కోనీ దగ్గరికి వెళ్లి తప్పయిందని చెప్తాను."

"ఏమిటీ! గెలిచిన రోజు మీ ఇద్దరికీ మాటల్లేవా?"

"లేవండీ."

"అయితే ఓడేదాకా మాట్లాడుకోవడానికి వీల్లేదు."

"అప్పటిదాకా ఆ పిల్ల నాకోసం ఆగుతుందా కోచ్?"

"నువ్వు బాగా బంతి వేస్తే చాలాకాలం ఆగాల్సి వస్తుంది" అన్నాడు నెమ్మదిగా.

మేం గెలుస్తూ పోయాం. ఐదు, తొమ్మిది, పద్నాలుగు. ప్రతి ఆటకూ వెళ్లేటప్పుడు బస్సు కాలేజీ గేటు దాటగానే కోచ్ ఎడమ బూటు విప్పి, కాలు పైకెత్తి ఆ పసుపు మరక అందరికీ చూపించేవాడు. మేమంతా ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో చప్పట్ల బదులు తొడలు చరిచేవాళ్లం. బస్సు నడిపే మార్జ్ అనే ఆవిడ కిటికీలన్నీ తెరిచి, "ఓరిన్, ఈ బస్సులో పందులను ఎక్కించినప్పుడు కూడా ఇంత కంపు లేదయ్యా!" అని మొత్తుకునేది. ఒకసారి అవతలి జట్టు కోచ్ కరచాలనానికి వచ్చి, గాలి పీల్చి, "ఇక్కడేదో చచ్చినట్టుంది" అన్నాడు.

"చావలేదు. గెలుస్తోంది" అన్నాడు మా కోచ్.

ఇరవై దాటేసరికి ఊరికి కూడా పిచ్చి అంటుకుంది. మా పాస్టరు గారు ఆదివారం ప్రార్థనలో వానల కోసం, పంటల కోసం, "మన కోచ్ గారి ఎడమ కాలి కోసం" అని కలిపారు. మంగలి షాపు హార్లీ అయితే గెలిచిన రోజు సగం గొరిగిన గడ్డాన్ని సగంలోనే ఆపేశాడు. ఆ గడ్డం యజమాని జూన్ దాకా అలాగే తిరిగాడు. వరుసగా ఇరవై రెండు గెలిచి, చిన్న కాలేజీల పోటీలో ఆఖరి ఆటకు చేరాం. మా కాలేజీ చరిత్రలో అంతదూరం వెళ్లింది అంతకుముందు ఒక్కసారే, 1949లో.

ఆ 1949 సంగతి చెప్పాలి. అప్పుడు ఆఖరి ఆటలో, ఆఖరి నిమిషంలో, చేతిలో పడ్డ బంతిని వదిలేసినవాడి పేరు ఎల్డన్. ఆయన మా ఊళ్లో ఇనపసామాన్ల కొట్టు నడిపేవాడు. మా కోచ్‌కు సొంత అన్న. ఇరవై తొమ్మిదేళ్లు గడిచినా ఊరు ఆ బంతిని మర్చిపోలేదు. ఆయన చేతికి మేకుల పొట్లం ఇచ్చినా "జాగ్రత్త ఎల్డన్, వదిలేస్తావు" అనేవాళ్లు. చర్చిలో ఎవరి బిడ్డనైనా ఎత్తుకోబోతే తల్లులు నవ్వుతూ బిడ్డను వెనక్కి లాక్కునేవాళ్లు. అందరూ నవ్వేవాళ్లు. ఎల్డన్ కూడా నవ్వేవాడు. కానీ తమ్ముడి జట్టు ఆడుతుంటే చూడటానికి మైదానం వైపు ఒక్కసారి కూడా రాలేదు.

ఇక ఆఖరి ఆట. ఎండ మండిపోతోంది. చివరి ఇన్నింగ్స్, మేం ఒక్క పరుగు ముందున్నాం. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గెలుపు మాదే. అవతలివాళ్లు ఇద్దరు పరుగుకు సిద్ధంగా బేసుల మీద ఉన్నారు. వాళ్ల బ్యాటర్ కొట్టిన బంతి ఆకాశంలోకి లేచింది. అది తిన్నగా నా వైపే వస్తోంది. నేను ఒక్క అడుగు కూడా కదలక్కర్లేదు. మా నాయనమ్మ అయినా పట్టేస్తుంది. గ్లవ్‌లో పడింది. పడ్డ చప్పుడు కూడా విన్నాను. మరుక్షణం అది నా కాళ్ల దగ్గర గడ్డిలో ఉంది. నేను వంగి తీసేలోపు ఇద్దరూ పరుగు పూర్తిచేశారు.

కోచ్ మైదానంలోకి నడిచి వచ్చి, కింద పడ్డ నా టోపీ తీసి దులిపి నా నెత్తిన పెట్టాడు.

"పద, బస్సు ఎక్కుదాం" అన్నాడు. అంతే.

బస్సులో నా పక్కన డ్వేన్ కూర్చున్నాడు.

"ఊరు రాగానే నేను దిగనురా" అన్నాను. "ఇదే బస్సులో కూర్చుని మార్జ్‌తో షెడ్డుకు పోతాను. అక్కణ్ణించి ఒమాహాలో మా మావయ్య దగ్గరికి వెళ్లిపోతా. సెప్టెంబరులో కాలేజీకి కూడా రాను."

"పిచ్చిగా మాట్లాడకు. ఒక్క బంతేగా."

"ఎల్డన్ గారు వదిలింది ఎన్ని బంతులు?"

మా ముందు సీట్లో కోచ్ తల కిటికీకి ఆనించి ఉంది. నిద్రపోతున్నాడనుకున్నాను. కాసేపటికి లేచి, "మార్జ్, ఆ పెట్రోలు బంకు దగ్గర ఆపు" అన్నాడు. లోపల కడుక్కునే గదిలోకి వెళ్లి ఇరవై నిమిషాలకు గానీ బయటికి రాలేదు. వచ్చాక ఆయన నడుస్తుంటే ఎడమ బూటు చప్ చప్ మంటోంది.

"ఏమైంది ఓరిన్?" అంది మార్జ్.

"కడుపులో బాగోలేదు" అన్నాడు.

కడుపులో బాగోకపోతే బూటు ఎందుకు చప్పుడు చేస్తుందని అడిగే ఓపిక మాలో ఎవరికీ లేదు.

ఊళ్లో ఫైర్ స్టేషన్ ముందు జనమంతా ఉన్నారు. బ్యాండు ఉంది. బల్లల మీద చెర్రీపళ్లు కూరి కాల్చిన తీపి రొట్టెలు, చెర్రీ పైలు, ఉన్నాయి. రేడియోలో అంతా వినే ఉంటారు. నన్ను డ్వేన్ రెక్క పట్టుకుని దింపాడు. మొదటి వరసలోనే మంగలి హార్లీ. నన్ను చూడగానే వాడి మొహం వెలిగింది.

"ఏమోయ్ లైల్! ఆ బంతి..."

"ఆగు హార్లీ" అన్నాడు కోచ్. మెల్లగా వెళ్లి ఫైరింజను మెట్టు ఎక్కాడు. బూటు విప్పి, కాలు పైకెత్తాడు. సాక్సు తడిగా, శుభ్రంగా, పచ్చగడ్డిలా మెరుస్తోంది. మరక లేదు.

ఊరంతా గతుక్కుమంది.

"తప్పు నాది" అన్నాడు. "ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఎండకు కాలు మండిపోతుంటే తట్టుకోలేక, గ్లాసుడు చన్నీళ్లు దీని మీద పోసుకుని రుద్దాను. మరక పోయింది. తర్వాతి ఇన్నింగ్స్‌లో ఏమైందో మీకు తెలుసు. బంతి లైల్ చేతిలోనే పడింది. ఉండనివ్వనిది ఎవరు?"

"నీళ్లు పోసుకున్నావా!" హార్లీ నెత్తి బాదుకున్నాడు. "ఇరవై రెండు ఆటలు గెలిపించిన సాక్సు మీదా!"

"బుద్ధుందా ఓరిన్!" అంది వెనకనుంచి ఒక ముసలావిడ. "ఒక్క గంట ఓర్చుకోలేకపోయావా?"

"నేను సగం గడ్డంతో ఇన్నాళ్లు ఓర్చుకున్నాను కదయ్యా!" అని ఇంకొకాయన ఏడుపు మొహం పెట్టాడు.

పాస్టరు గారు బాధగా కళ్లు మూసుకున్నారు. కోచ్ తల దించుకుని అందరి చేతా తిట్లు తింటూ నిలబడ్డాడు. ఆయన భార్య వెర్నా గారు ఏప్రాన్ మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. పాపం, ఏడుస్తోందనుకున్నాను. నన్నెవరూ పట్టించుకోలేదు. డ్వేన్ అప్పటికే కోనీ దగ్గరికి పరిగెత్తాడు. మూడు నెలల టోస్ట్ కసి తీర్చుకునే అవకాశం దొరికింది గనక, నేను ఒక పక్కకు వెళ్లి మూడు చెర్రీ పై ముక్కలు లాగించాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆయన మీద కోపం వచ్చింది. కాలు మండితే మాత్రం నీళ్లు పోసుకుంటారా ఎవరైనా!

సెప్టెంబరులో కాలేజీకి వెళ్లాను. చదువు అయ్యాక అక్కడే లెక్కల మాస్టరునయ్యాను. ఊరికి ఎగతాళి చెయ్యడానికి ఒక్కడు చాలు కాబోలు, ఎల్డన్ గారిని వదిలేసి కోచ్ మీద పడ్డారు. హోటల్లో ఆయన మంచినీళ్లు అడిగితే "తాగడానికేగా?" అనేవాళ్లు. వాన పడితే "ఓరిన్‌ను ఇంట్లో ఉంచండి" అనేవాళ్లు. ఆయన తల ఊపి ఊరుకునేవాడు. మరుసటి ఏడు మొదటి ఆటకు ఎల్డన్ గారు వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. వేరుశెనక్కాయల పొట్లం చేతికిచ్చిన వాళ్లెవరూ ఏమీ అనలేదు.

పదకొండేళ్ల తర్వాత ఒక శనివారం కోచ్ వాళ్లింట్లో పాత వాషింగ్ మెషీను బయట పెట్టడానికి సాయం వెళ్లాను.

"నీ వల్లే ఇది అరిగిపోయింది లైల్" అంది వెర్నా గారు.

"నా వల్లా?"

"నీ సీజను వల్లే. ఆ సాక్సు రోజూ ఉతికేదాన్ని. రోజూ పొద్దున ఈయన దానిమీద కొత్తగా ఆవాల సాస్ పూసుకుని, ఆరబెట్టుకుని బయలుదేరేవాడు. నాలుగు సీసాలు ఖర్చయ్యాయి."

"మరి ఆ కంపు? మేమంతా ముక్కులు మూసుకునేవాళ్లం కదండీ!"

"అది మీ కాళ్లదే నాయనా. ఈయన సాక్సు నేను లావెండర్ సబ్బుతో ఉతికాను."

నాకు పెట్రోలు బంకు గుర్తొచ్చింది. చప్ చప్ మన్న బూటు గుర్తొచ్చింది. ఏప్రాన్ వెనక అదిరిన భుజాలు గుర్తొచ్చాయి. ఆవిడ ఆ రోజు ఏడవలేదన్నమాట.

"మరి డ్వేన్ సంగతి? మూడు నెలలు ఆ అమ్మాయితో మాట్లాడనివ్వలేదుగా?"

"ప్రతి ఆదివారం కోనీ వాళ్లింటికి చెర్రీ పై పట్టుకెళ్లి, 'కుర్రాడు బుద్ధిమంతుడు, తప్పు నాది, కాస్త ఆగమ్మా' అని చెప్పొచ్చింది ఎవరనుకున్నావు? ఈయనే."

నేను వరండాలోకి వచ్చాను. కోచ్ కుర్చీలో కూర్చుని, కాళ్లు చాపుకుని రేడియోలో ఆట వింటున్నాడు. నేను ఆయన పక్కన కూర్చున్నాను.

"కోచ్, ఆ బంతి వదిలేసింది నేను."

"నాకు తెలుసు. చూస్తూనే ఉన్నాగా" అన్నాడు, రేడియో మీంచి దృష్టి తిప్పకుండా.

"మీకు ఎలా చెప్పాలో..."

"చెప్పకు. మనవాళ్లు ఒక్క పరుగు ముందున్నారు, విననీ." తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "కానీ లైల్, నిజంగా ఉతక్కుండా ఉంటే పట్టేవాడివి."

లోపల్నుంచి వెర్నా గారు గట్టిగా నవ్వింది. నేను వెళ్లడానికి లేవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టి కూర్చోబెట్టాడు.

"కదలకు. నువ్వొచ్చాకే వీళ్లు ముందుకొచ్చారు. ఆట అయ్యేదాకా ఇక్కడే ఉండాలి. వెర్నా, ఇతనికి ఒక టోస్ట్ ముక్క పట్రా. వెన్న వద్దు."