తప్పంతా నాబ్‌దే

సూ వెన్-బిన్ దృష్టిలో ఈ లోకంలో మనుషుల వల్ల జరిగే పొరపాటంటూ ఏదీ లేదు. ఉన్న తప్పంతా వాల్యూమ్ నాబ్‌ది. తైనాన్ నగరంలో గుడి వెనక సందులో ఆయనకో రిపేరు దుకాణం ఉండేది. రేడియో మూగబోయినా, పాటల మెషీన్ పొగ కక్కినా, పెళ్లి విందులో మైకు కూతపెట్టినా, ముందు నాబ్ తిప్పి, చెవి ఒగ్గి విని, లోపల దుమ్ము చేరిందని తేల్చేవాడు. పోలీసులు తుపాకి కట్టుకున్నట్టు ఆయన క్లీనర్ స్ప్రే డబ్బాను నడుముకు కట్టుకుని తిరిగేవాడు.

చేప గంజి దుకాణం నడిపే కో షు-చిన్‌కు ఆయన్ని చూస్తే ఒళ్లు మంట. వార్డు పాటల సంఘంలో ఆమెది పేరున్న గొంతు. ఆ సంగతి అందరికీ ఆమే చెబుతూ ఉండేది. సంఘం పాడుకునే వార్డు హాల్లో మైకు, యాంప్లిఫయర్ చూసుకునే పని బిన్‌ది. ఆమె కళ్లు మూసుకుని, ప్రియుడు ఓడెక్కి వెళ్లిపోయే చరణం అందుకునేసరికి ఈయన చెయ్యెత్తి పాట ఆపించేవాడు. నాబ్ వెనకాల నల్లటి కార్బన్ పట్టీ ఉంటుందనీ, దాని మీద చిన్న రేకు జారుతూ ఏళ్ల తరబడి దాన్ని అరగదీస్తుందనీ, గరగర అందుకేననీ ఉపన్యాసం. ఆ తర్వాత సుయ్‌మని స్ప్రే. ఆపైన నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకూ, ఆ కొస నుంచి ఈ కొసకూ తిప్పడం. ఈలోపు ఓడా వెళ్లిపోయేది, ప్రియుడూ వెళ్లిపోయేవాడు, షు-చిన్ పాడే హుషారూ వెళ్లిపోయేది.

వీధి చివర హోంగ్ అవ్వకు చెవులు మందగించాయని అందరికీ తెలుసు. అవ్వకు మాత్రం రేడియోవాళ్లు ఈమధ్య మాటలు మింగేస్తున్నారని కోపం. కొడుకు చెవుల మాటెత్తితే అన్నం మానేసేది. బిన్ ఆ రేడియో విప్పి, నాబ్ అరిగిపోయిందని ప్రకటించి, కొత్తది వేసి, ఇంకా గట్టిగా పలికేలా చేసి ఇచ్చాడు. అవ్వ మళ్లీ అన్నం తింది. ఆ రోజు నుంచి వార్తలు వద్దన్నవాళ్లకు కూడా వినక తప్పలేదు.

వార్డు పెద్ద లువో గుడి ఉత్సవంలో ముఖ్య అతిథిని ఆహ్వానిస్తూ, మనందరి గుండెల్లో కొలువైన మహానుభావుడంటూ ఎత్తుకుని, ఆ మహానుభావుడి పేరు మరిచిపోయి నోరు తెరుచుకు నిలబడ్డాడు. బిన్ వెంటనే వేదికెక్కి యాంప్లిఫయర్ ముందు చతికిలబడి నాబ్ తిప్పసాగాడు. అతిథి లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. వెనక నుంచి ఎవరో పేరు అందించాకగానీ మైకు బాగుపడలేదు. వేళాపాళా లేకుండా వేదిక మీదికి ఎగబడ్డాడని తర్వాత లువో బిన్‌నే చీవాట్లు పెట్టాడు.

ఆ శరత్కాలంలో వార్డు హాల్లో పాటల పోటీ జరిగింది. షు-చిన్‌కు పోటీ లువోగారి భార్య. ఎలాగైనా ఆవిడను ఓడించాలని షు-చిన్ గంజి కలుపుతూ కూడా సాధన చేసింది. గిన్నెలు అడుగంటాయి, గిరాకీ తగ్గింది, ఆమె లెక్కచెయ్యలేదు. మధ్యాహ్నం ఆమె వంతు వచ్చింది. మొదటి చరణం తేనెలా సాగింది. రెండో చరణంలో అన్నిటికన్నా పై స్వరం దగ్గర గొంతు చీలింది. తోక తొక్కితే పిల్లి ఎలా అరుస్తుందో సరిగ్గా అలా వచ్చింది. ముందు వరుసలో లువోగారి భార్య విసనకర్ర ముఖానికి అడ్డం పెట్టుకుంది. హాలంతా నవ్వడానికి ఊపిరి పీల్చుకుంది.

"ఆపండాపండి," అన్నాడు బిన్ వెనక వరుసలోంచి. "నాబ్‌లో దుమ్ము."

లువోకు ఒళ్లు మండింది. "ఏమయ్యా, ఆ నాబ్ ఈ పొద్దున నువ్వే కదా కొత్తది వేశావు? సాయంత్రం కాకుండానే దుమ్మా?"

బిన్ షు-చిన్ వంక ఒకసారి చూశాడు. "సరిగ్గా వెయ్యలేదండీ. నాదే పొరపాటు."

హాలు ఘొల్లుమంది. పీల్చిన ఊపిరంతా బిన్ మీద ఖర్చయింది. మైకు పట్టుకుని నిలబడ్డ షు-చిన్ ఒక్కతే నవ్వలేదు. అరిగిన నాబ్ గరగరమంటుందిగానీ పిల్లిలా అరవదు. ఆయన ఉపన్యాసాలు విని విని ఆ మాత్రం ఆమెకు కంఠతా వచ్చు. బిన్ తీరిగ్గా నాబ్ తిప్పుతున్నంతసేపూ ఆమె గోరువెచ్చని నీళ్లు తాగి, గొంతు సర్దుకుని, మళ్లీ మొదటినుంచి పాడింది. రెండో బహుమతి వచ్చింది, ఒక పెట్టెడు సోయా సాస్. మొదటిది లువోగారి భార్యకు. న్యాయనిర్ణేతలు ముందురోజు భోంచేసింది వాళ్లింట్లోనే.

మర్నాడే లువో, పనిచేతకానివాడి చేతిలో హాలు పెట్టలేనని చెప్పి, మరమ్మతుల పని వేరే దుకాణానికి ఇచ్చేశాడు.

ఆ కబురు విని షు-చిన్ ఒక చేత్తో గంజి కుండ, ఇంకో చేత్తో ఇంట్లో రేడియో పట్టుకుని బిన్ దుకాణానికి వెళ్లింది. ఏమైందని ఆయన అడిగాడు. ఏమీ కాలేదు, ఊరికే ఓసారి చూడమంది. ఆయన నాబ్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి విన్నాడు. నడుముకున్న డబ్బా మీద చెయ్యి వెయ్యలేదు.

"నాబ్ బాగానే ఉంది చెల్లెమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "నువ్వే ఆ పాట మరీ పైన ఎత్తుకుంటున్నావు. ఓ అర మెట్టు దించి పాడు."

షు-చిన్ ముఖం ఎర్రబడింది. ఆమె గొంతుకు వంక పెట్టిన మనిషి ఆ వార్డులో ఇంతవరకూ లేడు. రేడియోను ఆయన ముందుకు మళ్లీ నెట్టింది.

"ఈసారి విప్పి చూడన్నా. దుమ్ము ఉండే ఉంటుంది."

బిన్ ఆమె ముఖం చూసి, బుద్ధిగా స్క్రూడ్రైవర్ అందుకున్నాడు.